నలభై మంది దుకాణదారులు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. పైగా నేను చెప్పబోయే దాంట్లో చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే దీన్ని ఏమనాలో కూడా నాకు తెలియడం లేదు.

అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ వెనక సందులో, కళ్ళజోళ్ళ షాపు పైన మా ఆఫీసు. బోర్డు మీద విదేశీ విద్యకు సలహాలు ఇస్తామని ఉంటుంది. లోపల చేసేది వేరే పని. విదేశాల్లో పీజీ చదివే పిల్లలకు అసైన్‌మెంట్లు, థీసిస్‌లు రాసిపెడతాం. నాకు మార్కులు ఉన్నాయి, సీటూ వచ్చింది, వీసా మాత్రం రెండుసార్లు ఇవ్వలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చినదాన్ని ఇక్కడే ఆగిపోయి, వెళ్ళినవాళ్ళ చదువులు నేను చదువుతున్నాను. ఆ కడుపుమంట నాకు ఉంది, దాచుకోను.

అలాంటివాళ్ళలో నల్లగొండ అబ్బాయి ప్రణీత్ ఒకడు. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ. వెళ్ళేముందు ఒకసారి ఆఫీసుకు వచ్చాడు కాబట్టి మొహం గుర్తుంది. అక్కడి నుంచి వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు.

"రాత్రంతా గోడౌన్ల డబ్బాలు మోస్తున్న అక్క. పొద్దుగాల క్లాసుల కూసుంటే కండ్లు మూతవడ్తున్నయ్. జర నువ్వే రాయి."

అబద్ధం కాదు, నిజంగానే అలా బతుకుతున్నాడు. అయినా వినగానే నాకు జాలి కంటే ముందు కోపం వచ్చేది.

థీసిస్ కోసం వాడు ఇంగ్లండ్‌లో తను ఉండే ఊళ్ళో నలభై మంది దుకాణదారులను కలిసి, కూరగాయలు ఎన్ని పాడవుతున్నాయో అడిగి రాసుకోవాలి. వాడికి తీరిక లేదు. ఆ పని నేనే చేశాను, అమీర్‌పేట, పంజాగుట్టల్లోని కూరగాయల కొట్ల దగ్గర. తర్వాత కూర్చుని యాదగిరిని జేమ్స్ చేశాను, వంకాయను బంగాళాదుంప చేశాను. మా పనిలో ఇది మామూలే. వాడు దాన్ని చదవకుండానే యూనివర్సిటీకి ఇచ్చేశాడు. అదీ మామూలే.

కొన్నాళ్ళకు మెసేజ్ పెట్టాడు. యూనివర్సిటీ వాళ్ళకు అనుమానం వచ్చిందట. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారట. చెప్పలేకపోతే ఇంటికి పంపేస్తారట. "ఒక్కసారి ఫోన్ల సమజయ్యేటట్టు చెప్పక్క" అన్నాడు. రాయడం వరకే మా పని, పాఠాలు చెప్పడం కాదని జవాబిచ్చాను.

మే నెల. మధ్యాహ్నం మూడున్నర దాటింది. కంప్యూటర్ మీద నుంచి తలెత్తితే ఎదురు కుర్చీలో ప్రణీత్ ఉన్నాడు. మందపాటి జాకెట్, మెడదాకా జిప్పు. భయపడి పారిపోయి వచ్చేశాడనుకున్నాను.

"అక్క, గా నలభై మందిని నేను యాడ కలిసిన?" అన్నాడు.

పలకరింపు లేదు, ఏమీ లేదు. అదే మాట మళ్ళీ అడిగాడు. మూడోసారికి నాకు ఒళ్ళు మండింది.

"ఎక్కడేంటి? అమీర్‌పేటలో! వెళ్ళి అదే చెప్పు," అని మళ్ళీ పనిలో పడ్డాను.

కాసేపటికి చూస్తే కుర్చీ ఖాళీ. తలుపు పక్క సీటులో కూర్చుని లెక్కల పేపర్లు రాసే రమేశ్, చేతిలో నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"ఎవరక్కా గాయిన? గీ ఎండల గంత మందం జాకెట్ ఏందో! నీళ్ళు తెచ్చేలోపట్నే పోయిండు."

బయటికి పోవడం చూశావా అని అడిగితే లేదన్నాడు. మెట్లు దిగి సందు చివరిదాకా వెతికాం. కెమెరాలో చూద్దామంటే, మాలాంటి ఆఫీసులో కెమెరా ఎవరు పెట్టుకుంటారు?

సాయంత్రం ప్రణీత్ ఫోన్ చేశాడు, ఇంగ్లండ్ నంబరు నుంచే. ఏడుస్తున్నాడు. ఆ ప్రశ్నల మీటింగ్ ఆ రోజే అయింది. అక్కడ పదకొండింటికి, అంటే మనకు మూడున్నరకు మొదలైంది. ఆ నలభై మందిని ఎక్కడ కలిశావన్నదే మొదటి ప్రశ్న.

"ఏం చెప్పాల్నో తెల్వలే అక్క. మస్తుసేపు గట్లనే కూసున్న. గప్పుడు నీ గొంతు ఇనవడ్డది. నువ్వు చెప్పినట్టే చెప్పిన."

"ఏం చెప్పావు?"

"అమీర్‌పేటల అని."

ఫోన్ పెట్టేసి పంజాగుట్టలో నా హాస్టల్ దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాను, ఎలా వెళ్ళానో గుర్తు లేదు.

వాణ్ణి పంపించేశారు. ఇప్పుడు నల్లగొండలో ఉన్నాడు. నేను చేస్తే ఫోన్ ఎత్తడు.

వాడు మా ఆఫీసు కుర్చీలోకి ఎలా వచ్చాడో నాకు తెలియదు. ఆ సమయంలో ఇంగ్లండ్‌లో వాడి ఎదురుగా యూనివర్సిటీ వాళ్ళు ముగ్గురు కూర్చుని ఉన్నారు, వాడు సీట్లోంచి కదల్లేదు. నా కళ్ళూ రమేశ్ కళ్ళూ ఒకేసారి మోసపోయాయంటే ఒప్పుకోలేను. ఎన్నిసార్లు ఆలోచించినా ఇంతకు మించి ముందుకు పోలేకపోతున్నాను.

థీసిస్‌లో ఆ కొట్లున్న వీధులను మ్యాపు చూసి నేనే రాశాను. ఇంగ్లండ్‌లోని ఆ ఊరి వీధుల పేర్లన్నీ ఆ రోజు నాకు నోటికి వచ్చు. వాటిలో నేను ఏ ఒక్కటి చెప్పినా వాడు అదే చెప్పేవాడు.