కొబ్బరి కొట్టులో పురిటి గది

మద్రాసులో నేను చదివిన చదువు పేరుకి మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఇంటీరియర్ డెకరేషన్ అంటే, "పెళ్ళిపందిళ్ళు వేస్తావా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న పడలేక మా నాన్నగారు అందరితోనూ ఇంజనీరింగు అని చెప్పేసేవారు. దాంతో నేను సెలవులకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తీసికెళ్ళి పాడైన ఆయిలింజను చూపించేవారు. నేను దాని చుట్టూ ఒకసారి తిరిగి, గంభీరంగా తల పంకించి వచ్చేసేవాణ్ణి.

ఆఖరి సంవత్సరం మా మాస్టారు ఒక పని అప్పగించారు. కొత్త కట్టడం గీయకూడదు. ఊళ్ళో ఉన్న పాత కట్టడం ఒకటి చూసుకుని, వేరే పనికి పనికొచ్చేలా లోపలంతా మార్చి చూపించాలి. స్వరాజ్యం వచ్చి ఎన్నాళ్ళో కాని రోజులవి. ఈ దేశానికి కొత్తవి కట్టుకునే స్తోమత ఇప్పట్లో రాదనీ, ఉన్నవాటితోనే సరిపెట్టుకోవడం నేర్చుకోవాలనీ ఆయన చాలా బాధగా చెప్పారు. ఆయన కట్టించుకున్న కొత్త మేడ గోడలు ఇంకా తడి ఆరలేదని క్లాసులో అందరికీ తెలుసు.

నాకు వెతుక్కునే శ్రమ లేకపోయింది. మా మేనమామ కొబ్బరి వ్యాపారి, ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. వ్యాపారాన్ని అమలాపురం రోడ్డు మీది కొత్త కొట్టుకి మార్చుకుని, కాలవగట్టున ఉన్న పాత కొట్టుని తన తండ్రిగారి పేర పురిటాసుపత్రికి ఇస్తానని ఆ ఏడే సభ పెట్టి ప్రకటించారు. పొడుగాటి పెంకుల కొట్టు అది. మందపాటి గోడలు, చిన్న కిటికీలు రెండు, లోపల ఈ చివర నించి ఆ చివర దాకా చెక్కల అటక. ఆ అటక మీదే కాయలు నెలల తరబడి ఎండి కురిడీలయ్యేవి.

పదిహేను రోజులు కూచుని గీశాను. గోడలకి లేత ఆకుపచ్చ రంగు, వెడల్పు చేసిన కిటికీలకి పువ్వుల పరదాలు, చూడ్డానికొచ్చేవాళ్ళకి పేము కుర్చీలు, మూల పూలకూజాకి ఒక అరుగు. మావయ్యగారు కాగితాలు తిరగేసి చూశారు.

"కుర్చీలు బాగున్నాయిరా. నాన్నగారి పటం ఎక్కడ?"

మంచాలకి ఎదురుగోడ మీద నిలువెత్తు పటానికి చోటు గీశాను.

"అటకేదీ?"

"ఆసుపత్రిలో అటకెందుకండీ, తీసేశాను."

"పైన నాలుగు కాయలుంటే కింద ఆసుపత్రికి అడ్డమేంటిరా? రేపు కొత్త కొట్టు చాలకపోతే?"

అటక మళ్ళీ గీశాను. దానివల్ల పాత కట్టడపు స్వభావాన్ని కాపాడినట్టవుతుందని రిపోర్టులో ఒక పేరా కూడా రాసుకున్నాను. చదవడానికి చాలా బాగా వచ్చింది.

ఆసుపత్రికి వేసిన నర్సమ్మగారు రాజోలు వైపు మనిషి. మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని, ఆ తరవాత ముప్ఫయ్యేళ్ళుగా పశువుల పాకల్లోనూ పడవల్లోనూ కూడా పురుళ్ళు పోసినావిడ. ఒక ఉదయం కొట్టు చూసుకోవడానికి వచ్చారు. నా బొమ్మలన్నీ ఓపిగ్గా చూశారు.

"చాలా బాగున్నాయండి. తమరోసారి పడుకుంటారా?"

"ఎక్కడండీ?"

"మంచం గీసేరు కదండి, ఆ చోటేనండి."

ఒక గోనెపట్టా పరిచి దాని మీద పడుకున్నాను.

"ఏం కనబడతందండి?"

"అటక."

"ఇంకానండి?"

చెక్కల సందుల్లోంచి కాయలు మూడేసి కళ్ళతో నన్నే చూస్తున్నాయి. వాటి మధ్య బూజులు వేలాడుతున్నాయి. నేను చూస్తూండగానే కాస్త నలక రాలి కంట్లో పడింది.

"పురిటికొచ్చిన మనిషి గోడలు చూడదండి," అన్నారావిడ. "అలా ఎల్లకిలా పడుకుని కప్పే చూస్తాదండి."

నాలుగు గోడలకీ రంగు వేసినవాణ్ణి, కప్పు కోసం ఒక్క గీతైనా గీయలేదు. అప్పుడే మావయ్యగారు లోపలికొచ్చారు.

"ఏరా, ఒంట్లో బాగోలేదా?"

"లేదండి, చదువుకుంటన్నారండి," అన్నారు నర్సమ్మగారు. ఆ వెంటనే అటక సంగతి కూడా ఎత్తారు.

మావయ్యగారు నవ్వేశారు. "మా నాన్నగారి నాటి నించీ ఆ అటక మీంచి ఒక్క కాయ కింద పడలేదమ్మా."

"ఆయ్. అయితే తమరూ ఓసారి పడుకోండి."

గుమ్మంలో కూలీలు నిలబడి చూస్తున్నారు. ప్రెసిడెంటుకి వెనక్కి తగ్గే దారి లేకపోయింది. కండువా మడిచి తలకింద పెట్టుకుని నా పక్కనే పడుకున్నారు. అటక మీద ఎలక ఒకటి పరిగెత్తింది. దాని వెనకే ఒక కాయ గడగడా దొర్లి ఎక్కడో ఆగింది. ఆ వయసులో ఆయన అంత చురుగ్గా లేవగలరని నేననుకోలేదు.

"అటక తీయించేద్దాం," అన్నారు పంచె దులుపుకుంటూ. "నేనెప్పణ్ణించో అనుకుంటూనే ఉన్నా."

పటం సంగతి కూడా అప్పుడే తేలిపోయింది. "ఎదురుగా పెద్దాయన అలా గుడ్లురిమి చూస్తంటే బిడ్డ బయటికి రావడానికి జంకుతాదండి. వరండాలో పెట్టించండి. మొగుళ్ళు కూచునేది అక్కడే. వాళ్ళకి అవసరం కూడానండి," అన్నారావిడ.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. వాసాల కింద వెదురు తడికెలు కట్టించి తెల్లగా సున్నం కొట్టించాను. వెలుతురు కోసం రెండు చోట్ల గాజు పెంకులు వేయించాను. పూలకూజా అరుగు వేణ్ణీళ్ళ బేసిన్‌కి వెళ్ళిపోయింది. పువ్వుల పరదాలు పోయి ఉడకబెట్టడానికి వీలైన తెల్లగుడ్డలు వచ్చాయి.

ప్రారంభోత్సవానికి కాకినాడ నించి ఒక పెద్దమనిషి వచ్చి, ప్రాచీన భారతంలో శిల్పశాస్త్రం గురించి చాలాసేపు మాట్లాడారు. మావయ్యగారు నన్ను ఇంజనీరుగా పరిచయం చేస్తే, గోదావరి మీద వంతెన ఎక్కడ వేస్తే బాగుంటుందని ఆయన అడిగారు. ఏదో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నర్సమ్మగారిని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు.

తరవాత వానలు పట్టుకున్నాయి. కొత్త కొట్టు కారడం మొదలెట్టింది. రెండ్రోజులకని మావయ్యగారు కాయలు తెచ్చి ఆసుపత్రిలో పోయించారు. ఆ రెండ్రోజులూ మూడు వారాలైనాయి. మంచాల మీద, మంచాల కింద, అన్నిచోట్లా కాయలే. నర్సమ్మగారు రోజూ వచ్చి, చూసి, "ఇయ్యాల తీయించేత్తారాండీ?" అని అడిగి వెళ్ళేవారు. "ఇవాళే" అని మావయ్యగారు రోజూ చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం లంకల నించి పడవ వచ్చింది. నెప్పులు పడుతున్న మనిషిని మంచంతో సహా మోసుకొచ్చి వరండాలో దించారు. నర్సమ్మగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని, రెండు చేతులా రెండు కాయలు పట్టుకుని వానలోకి విసిరేశారు. ఆవిణ్ణి చూసి పడవవాడు, ఆ మనిషి మొగుడు, మద్రాసు పంట్లాంలో ఉన్న నేను, అందరం మోయడం మొదలెట్టాం. కబురు తెలిసి మావయ్యగారు గొడుగు వేసుకుని వచ్చారు.

"జాగ్రత్తర్రా, పగులుతాయి," అంటూ తండ్రిగారి పటం పక్కన నిలబడ్డారు.

అప్పుడే ఆ మనిషి ఒక కేక పెట్టింది. మావయ్యగారు గొడుగు మూసి గోడకి ఆనించి, చొక్కా విప్పి, మాతోపాటు వరసలో నిలబడ్డారు. మూల మంచం ఒకటి ఖాళీ కాగానే నర్సమ్మగారు ఆ మనిషిని లోపలికి చేర్పించి తెల్లగుడ్డ అడ్డం కట్టారు. సగం గది ఖాళీ అయ్యేసరికి లోపల బిడ్డ ఏడుపు వినిపించింది.

"ఆడపిల్లండి," అన్నారు నర్సమ్మగారు బయటికొచ్చి.

"మగపిల్లాడైతే నాన్నగారి పేరు పెట్టించేవాణ్ణి," అన్నారు మావయ్యగారు రొప్పుతూ.

"ఇంకా చాలామంది వస్తారు లెండి. ముందు మిగతా కాయలు తీయించండి."

ఆ సాయంత్రానికే తీయించేశారు. మళ్ళీ తేలేదు.

మద్రాసులో మా మాస్టారు నా కాగితాలు చూసి, "కప్పుకి ఇంత కష్టపడి గోడలు ఖాళీగా వదిలేశావేం?" అన్నారు.

"పడుకున్నవాళ్ళకి గోడలు కనబడవండీ."

"పరీక్ష చేసేవాడు నిలబడి చూస్తాడు కదా," అన్నారాయన. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

ఉద్యోగం వచ్చాక ఊరెళ్ళినప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మగారు స్టూలు వేసి కూచోబెట్టారు. మంచాలన్నీ నిండి ఉన్నాయి. కాస్త గర్వంగానే అడిగాను, ఇంకేమైనా లోపాలున్నాయాండీ అని.

"తలుపు ఇంకో జానెడు వెడల్పుండాలండి," అన్నారావిడ. "మంచం మోసుకొచ్చేవాళ్ళ చేతులు గీరుకుపోతన్నాయండి."

లేచి వెళ్ళి జానతో కొలిచి చూశాను. నిజమే.