పప్పు ఉడికిన ద్రాక్షారసం

రెంటచింతలలో ఎండ పైనుంచి రాదు, రాయిలోంచి పుడుతుంది. ఆ నాపరాళ్ళ కింద చీకట్లో నీళ్ళు పడుకుని ఉంటాయి. ఏ రాయి పక్కన పడుకుంటే ఆ రాయి కల కంటాయి కాబోలు, ఒక బావిలో తియ్యగా ఉన్న నీళ్ళు పది బారల అవతల బావిలో ఉప్పగా ఉంటాయి. అందుకే అక్కడ బావి తవ్వించినవాడికి నీళ్ళు పడ్డాయన్న సంతోషం సగమే. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడుకుతుందా లేదా అన్నది తక్కిన సగం.

ఆ సగం చెప్పేవాడు ఆరోగ్యస్వామి.

కొత్త బావిలో నీళ్ళు పడగానే మొదటి చెంబు ఆయనకే ఇచ్చేవాళ్ళు. బావి యజమాని కూడా ఆయన తర్వాతే తాగాలి. గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఎక్కడో దూరంగా జరుగుతున్న పెళ్ళి మేళం వింటున్నట్టు తల పక్కకు వంచి, ఆయన నీళ్ళ జాతకం చెప్పేవాడు. ఈ నీళ్ళు సున్నపురాయి పక్కన చాలాకాలం పడుకున్నాయి, కొంచెం అలిగి ఉన్నాయి, మూడు వానలు పడితే మాట వింటాయి అనేవాడు. లేదా, ఇవి పిల్లతల్లి నీళ్ళు, మెత్తగా ఉన్నాయి, పప్పు పొంగు రాకముందే కరుగుతుంది అనేవాడు. చివర అణాల్లో విలువ కట్టేవాడు. పన్నెండణాల బావి అంటే ఆ ఇంటికి పిల్లనివ్వవచ్చు. పదహారణాల బావులు పల్నాడు మొత్తంమీద మూడే ఉన్నాయని ఆయన లెక్క. ఇందుకు ఆయనకు ముట్టేది కుంచెడు జొన్నలో, వీశె మిరపకాయలో. ఆయన బతికింది వాటికోసం కాదు, ఆ మొదటి చెంబుకోసం.

రెండేళ్ళ కిందట ఆయనకు టైఫాయిడు వచ్చింది. ఇరవయ్యొక్క రోజుల తర్వాత మంచం దిగితే కాళ్ళు వచ్చాయి, చూపు వచ్చింది, నాలిక రాలేదు. గోంగూర, బెల్లం, ఉప్పుకల్లు, అన్నీ ఒకటే అయ్యాయి. నోట్లో నాలిక ఉన్నచోట నాపరాయి పరిచినట్టుంది. ఈ సంగతి తెలిసినది ఆయన భార్య ఫిలోమినా ఒక్కతెకే. ఆమె రెండు రోజులు ఆలోచించి ఒక దారి చూపించింది. అప్పటినుంచి ఆరోగ్యస్వామి బావి దగ్గర నీళ్ళు తాగడం మానేశాడు. నీళ్ళు తన ఇంటి నీడలో ఒక పూట నిద్రపోవాలనీ, అలిసి వచ్చిన నీళ్ళు నిజం చెప్పవనీ కొత్త నియమం పెట్టాడు. చెంబు ఇంటికి వచ్చేది. ఫిలోమినా ఒక గుక్క తాగి, ఉప్పు అనో మంచివి అనో ఒక్క మాట అనేది. ఆయన ఆ మాటకు రెక్కలు కట్టి వీధిలోకి వదిలేవాడు.

ఇలా సాగుతుండగా యుద్ధం ముదిరింది. ఊళ్ళోని కతోలిక గుడిలో పూజకు కావలసిన ద్రాక్షారసం ఓడల్లో రావడం ఆగిపోయింది. పూజకు అచ్చమైన ద్రాక్షపండ్ల రసమే ఉండాలి, వేరేదైతే ఆ పూజ చెల్లదు. దేశంలో దొరికే చవకరకాల్లో మంచిది చూసుకోమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఫాదరుగారు మద్రాసునుంచి ఆరు రకాల ఎర్ర ద్రాక్షారసం తెప్పించారు. పెట్టెను స్టేషన్ నుంచి తెచ్చింది జట్కా కాలేషా. అతడు సీసాలను ముట్టుకోనన్నాడు. పెట్టెను మాత్రం గడ్డి పరిచి, పురిటి మనిషిని తెచ్చినంత నెమ్మదిగా తెచ్చాడు.

ఫాదరుగారు దొర. ఆయన దేశంలో ద్రాక్షతోటలు లేవు. పైగా పాతికేళ్ళుగా రెంటచింతల గొడ్డుకారం తిని తన నాలిక ఎన్నడో పరలోకం చేరిందని ఆయనే చెప్పుకునేవారు. అందుకని సీసాలకు ఒకటినుంచి ఆరు దాకా నంబరు కాగితాలు అంటించి, ఆరోగ్యస్వామిని పిలిపించారు. ఆయన తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది.

“నీ జిహ్వ ఈ సీమలో ప్రసిద్ధమైనది. వీటి గుణదోషములు నిర్ణయించి చెప్పుము. గురువారము పూజకు ఒకటి కావలెను” అన్నారు.

పవిత్రవారం మొదలై అది సోమవారం. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఆరోగ్యస్వామి సీసాలు ఒక పూట తన ఇంటి నీడలో నిద్రపోవాలని మాత్రం చెప్పి, పెట్టె ఇంటికి పట్టించాడు.

ఫిలోమినా పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె తండ్రి తాటికల్లు తాగి, తాటిచెట్టు కిందే పోయాడు. పెళ్ళినాడు ఆమె పీఠం ముందు రెండు ప్రమాణాలు చేసింది. ఒకటి మొగుడికి, రెండోది మత్తు వస్తువు నోట పెట్టనని. మొదటిది అప్పుడప్పుడు మరిచిపోయినా రెండోది మరవలేదు.

“నీళ్ళంటే తాగి చెప్పినా. ఇది నా వల్లగాదు. వాసన గూడా చూడను” అంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

“పూజకే గదే.”

“పూజకైతే ఫాదరుగారు తాగుతారు. నాకెందుకు?”

మంగళవారం పొద్దున్నే ఆమె మిరపకాయలు ఎండబోసిన కళ్ళానికి వెళ్ళిపోయింది. ఇంట్లో ఆరోగ్యస్వామి, ఆరు సీసాలు మిగిలారు. కిటికీలోంచి వచ్చిన ఎండ సీసాల గుండా దిగి, పేడ అలికిన నేలమీద ఆరు ఎర్రటి మడుగులు వేసింది. అంత అందమైన నీళ్ళు ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక్కొక్కదాంట్లోంచి గరిటెడు చొప్పున గ్లాసులో పోసుకుని, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు. ఏమీ వినబడలేదు. మొదటిది గొంతులో వెచ్చగా దిగింది. రెండోదీ అంతే. మూడోదాని తర్వాత మొదటి రెండూ మంచివే అనిపించాయి. ఆరోదాని తర్వాత ఎదురింటి కరీమున్నీసా గారి మేక కూడా మంచిదే అనిపించింది. ఇక ఈ దారిన లాభం లేదని గ్రహించేపాటి బుద్ధి ఇంకా మిగిలి ఉంది కాబట్టి, ఆయన గోడకు ఆనుకుని ఆలోచించాడు.

నాలిక అబద్ధం చెప్పవచ్చు. పప్పు చెప్పదు. చవిటి నీళ్ళలో పప్పు ఉడకదు, మంచి నీళ్ళలో ఉడుకుతుంది. తాతలనాటి పరీక్ష. అది బావికి ఒక ధర్మం, సీసాకు ఒక ధర్మం అని మారదు గదా.

ఆరు ముంతలు తెచ్చాడు. తలా పిడికెడు కందిపప్పు వేశాడు. ఒక్కొక్కదాంట్లో ఒక్కో సీసాలోది కొలిచి పోశాడు, ముంతకింద బొగ్గుతో నంబరు గీశాడు. పెరట్లో మూడేసి రాళ్ళు పెట్టి, కందికట్టె మంట వేసి, చొక్కా విప్పి కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం రెంటచింతల పెరట్లో ఆరు పొయ్యిలు వెలిగించుకున్న మనిషిని చూసి గోడమీది కాకి కూడా లేచిపోయింది. ఆరు ఎర్రటి పొగలు వేర్వేరుగా లేచి పైన ఒకటయ్యాయి. పడమటి ఆకాశం పొరపాటున మధ్యాహ్నమే వచ్చి తన పెరట్లో దిగిందా అనుకున్నాడు ఆయన.

రెండు గంటలు గడిచాయి. అయిదు ముంతల్లో పప్పు గులకరాళ్ళలా ఎర్రగా, గట్టిగా అలాగే ఉంది. నాలుగో ముంతలో మాత్రం వెన్నలా కరిగిపోయింది.

ఆరోగ్యస్వామి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఫాదరుగారి బంగళాకు పరుగెత్తాడు. తక్కిన అయిదూ చవుడు తగిలినవనీ, మూడణాలనుంచి అయిదణాల దాకా చెల్లుతాయనీ, నాలుగో నంబరు మాత్రం పదహారణాలదనీ, అది కొండకింద పుట్టి, ఎవరితోనూ తగువు పడకుండా ఇంతదూరం నడిచి వచ్చిన రసమనీ చెప్పాడు. ఫాదరుగారు అదంతా కాగితంమీద రాసుకుని, సీసాల పెట్టె తెప్పించి, గురువారం పూజకు నాలుగో నంబరు తీసి పెట్టమని గుడి పనులు చూసే ఉపదేశికి చెప్పారు.

సాయంత్రం ఫిలోమినా కళ్ళంనుంచి వచ్చి పెరట్లో ముంతలు చూసింది. ఏం జరిగిందో ఆయన సంబరంగా చెబుతుంటే, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే గరిటెతో ఒక్కో ముంత కలిపి చూసింది. నాలుగోదాని దగ్గర గరిటె ఆగింది.

“ఏమయ్యో, చింతపండు ముందే ఏస్తే పప్పు ఉడుకుద్దా?”

“ఉడకదు. అది చిన్నపిల్లలకి గూడా తెలుసు.”

“ద్రాక్ష పులుపా, తీపా? మొన్న సిస్టర్ల మఠంలో పందిరి కింద రాలిన కాయ నోట్లో ఏసుకుంటే పళ్ళు జివ్వుమన్నయి. పులుపున్నది గాబట్టే ఆ అయిదిట్లో ఉడకలా. ఇందులో ఉడికిందంటే ఇది ద్రాక్షే గాదు. ఎవుడో రంగునీళ్ళు పోసి బిరడా కొట్టాడు.”

ఆరోగ్యస్వామి ముంతల మధ్య అలాగే కూలబడ్డాడు. గురువారం ఆ రంగునీళ్ళు పూజపాత్రలోకి వెళతాయి. ఊరంతా మోకాళ్ళమీద ఉంటుంది. పూజ చెల్లదు, అది ఒక్క ఆరోగ్యస్వామి వల్ల. పోయి తప్పు చెప్పానని చెబితే, ఎలా తప్పావని అడుగుతారు. తప్పిన నాలికకు ఎవరూ మొదటి చెంబు ఇవ్వరు. చచ్చిన నాలికకైతే చివరి చెంబు కూడా ఇవ్వరు. రాత్రంతా ఆయనకు ఒక పక్క పూజపాత్ర, ఒక పక్క నీళ్ళచెంబు కనిపిస్తూనే ఉన్నాయి.

తెల్లవారేసరికి ఉపాయం తట్టింది. ఆ రోజు బుధవారం, పాస్కా అనే ఈస్టర్ పండుగకు ముందు ఊరంతా ఫాదరుగారి దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకునే రోజు. గుడిలో జాలీ వెనక కూర్చుని పాపాలు వినే ఆ చెక్కపెట్టెలో చెప్పింది ఫాదరుగారు ప్రాణం పోయినా బయటపెట్టరు. అక్కడ చెబితే పూజా నిలుస్తుంది, చెంబూ నిలుస్తుంది.

మధ్యాహ్నం గుడి మెట్లదాకా వరస ఉంది. తన వంతు రాగానే మోకరించి, జాలీకి నోరు ఆనించి, టైఫాయిడు దగ్గర మొదలుపెట్టి పప్పుదాకా అంతా చెప్పాడు. తన నాలిక చచ్చిందనీ, నాలుగో సీసా వాడవద్దనీ వేడుకున్నాడు.

“ఆరోగ్యస్వామీ, ఈ పెట్టెలోపల విన్నది పెట్టె వెలుపల నేను ఎరుగను” అన్నారు ఫాదరుగారు.

“అందుకే గదా ఫాదర్, ఇక్కడ చెప్పుకున్నా.”

“ఎరుగనివాడను రేపు ఆ సీసాను ఎట్లు మానుదును? నాలుగవది ఉత్తమమని నీవు చెప్పినది మాత్రమే నేను ఎరుగుదును. దానినే వాడుదును.”

తాను దాక్కోవడానికి వచ్చిన గదికి నాలుగు గోడలూ ఉన్నాయి గాని తలుపు లేదని ఆరోగ్యస్వామికి అప్పుడు తెలిసింది.

“వెలుపలికి పొమ్ము. అక్కడ చెప్పుము. నేను గాలికొరకు మెట్లమీదికి వచ్చుచున్నాను” అన్నారు ఫాదరుగారు.

ఆయన నిజంగానే పెట్టె తెర తొలగించుకుని వచ్చి, మెట్లమీద నిలబడి, గడ్డం కింద రుమాలుతో విసురుకుంటూ, అప్పుడే చూసినట్టు అడిగారు. “ఏమి ఆరోగ్యస్వామీ? సమాచారమేమైన ఉన్నదా?”

ఆ నటన చాలా అధ్వాన్నంగా ఉంది. వరసలో ఫిలోమినాతో కలిపి నలభైమంది ఉన్నారు. చెట్టుకింద కాలేషా గుర్రానికి మేత వేస్తున్నాడు. ఆరోగ్యస్వామి ఒకసారి ఫిలోమినా వైపు చూశాడు. ఆమె నేలను చూస్తోంది.

“నా నాలిక చచ్చిపోయి రెండేళ్ళయింది” అన్నాడు ఆయన. “టైఫాయిడుతో పోయింది. అప్పట్నుంచి నీళ్ళ రుచి నేను చెప్పలా. ఫిలోమినా చెప్పింది. ఈ నాలుగో నంబరు నేను రుచి చూసి చెప్పింది గాదు. అది రంగునీళ్ళు.”

గుడి ముందు ఎండ కూడా కదలకుండా నిలబడింది. వరసలో ముందున్న ముసలి పిచ్చమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వచ్చింది. రెండేళ్ళలో తవ్విన బావుల్లో మొదటిది ఆమెదే.

“అయితే మా బావి నీళ్ళు మంచియ్యని చెప్పింది నీ పెళ్ళామా?”

“అవును పిన్నీ.”

“మంచియ్యేగా మరి. పప్పు ఉడుకుతానే ఉంది” అంది పిచ్చమ్మ. “నీదయిపోతే జరుగు అబ్బాయ్, నా వంతు. నాకు చానా పాపాలున్నయి.”

అంతే. వరస ఒక అడుగు ముందుకు జరిగింది. రెండేళ్ళు తన గుండెమీద మోసిన బండ ఊరికి గులకరాయంత కూడా అనిపించనందుకు సంతోషించాలో ఏడవాలో ఆరోగ్యస్వామికి తెలియలేదు. కొంచెం అవమానం కూడా అనిపించింది. కనీసం ఒక్కరైనా అయ్యో అని ఉండవలసింది.

సీసా ఏరే పని మిగిలింది. ఫిలోమినా ఇంటికి పోయి తక్కిన అయిదు ముంతలూ తట్టలో పెట్టుకుని వచ్చింది. ఏ ముంతలో పప్పు ఎంత గట్టిగా ఉంటే దాంట్లో అంత పులుపున్నట్టు అని చెప్పింది. మరీ పులిసిపోయినది కూడా పూజకు పనికిరాదని ఫాదరుగారు అన్నారు. అయితే నడిమిది తీసుకోమంది ఫిలోమినా. గట్టితనం చూడాలంటే కొరకాలి. ఆమె కొరకదు. ఫాదరుగారి దవడపళ్ళు ఊడి పదేళ్ళయింది. ఆరోగ్యస్వామి మెట్లమీద కూర్చుని, నలభైమంది చూస్తుండగా, ఎర్రటి కందిబద్దలు ఒక్కొక్కటే కొరికాడు. నాలిక పోయినా పళ్ళు ఇనుములా ఉన్నాయి. రెండో నంబరు నడిమిదని తేలింది. అణాలు ఎన్నని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

గురువారం పూజలో దాన్నే వాడారు. పాత్ర ఎత్తినప్పుడు ఊరంతా తల వంచింది. ఆ రసం నోట పెట్టేది ఫాదరుగారు ఒక్కరే, ఆయన నాలిక గొడ్డుకారంలో పోయింది. పల్నాడులో అంత పరీక్షకు నిలిచి గెలిచిన ద్రాక్షారసం రుచి ఎలా ఉంటుందో చెప్పగలవాడు భూమిమీద ఒక్కడూ లేడు.

పండుగ వెళ్ళిన వారానికి గురజాలనుంచి యల్లమంద అనే రైతు చెంబు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, లోపల ఫిలోమినా వైపూ, మంచంమీద ఆరోగ్యస్వామి వైపూ చూస్తూ తటపటాయించాడు. సంగతి గురజాల దాకా పోయిందన్నమాట. చెంబు నిండా నీళ్ళు, నీళ్ళమీద గుమ్మపు చట్రమంత ఆకాశం వణుకుతోంది. ఆరోగ్యస్వామి చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. ఆయన వాటిని వెనక్కి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఏమే, నీళ్ళు వచ్చినయి” అని లోపలికి కేక వేశాడు.

ఫిలోమినా చేతులు తుడుచుకుంటూ వచ్చి, చెంబు అందుకుని, ఒక గుక్క తాగింది. “ఉప్పు” అంది. చెంబు తిరిగి ఇచ్చి లోపలికి పోయింది.

యల్లమంద ముఖం వాడిపోయింది. అంతేనా అన్నట్టు ఆరోగ్యస్వామి పక్కకు వచ్చి కూర్చున్నాడు. “మామా, నలభై అడుగులు తవ్వినా. వానలు పడితే మారతయ్యా? నువ్వేమంటావు?”

ఆరోగ్యస్వామి నోట్లో మాటలు రెక్కలు విప్పుకుంటున్నాయి. సున్నపురాయి, అలిగిన నీళ్ళు, మూడు వానలు. ఆయన వాటిని మింగేశాడు.

“నాకు తెలవదు అబ్బాయ్” అన్నాడు. తర్వాత కొంచెం జరిగి, అతనికి మంచంమీద చోటు ఇచ్చాడు. నలభై అడుగుల మట్టి అతని గోళ్ళలో ఇంకా ఉంది. ఇద్దరూ చెంబును మధ్యన పెట్టుకుని కూర్చున్నారు.