బావగారిని తాకాల్సిన ఆట

ఆ రోజుల్లో మా పేటలో ఆడది పరుగెత్తిందంటే ఒకటే అర్థం, ఆటో వెళ్ళిపోతోందని. తెల్లారి పడవలు ఒడ్డుకు చేరగానే చేపలు గంపలో సర్దుకుని, గంప నెత్తిన పెట్టుకుని, శ్రీకాకుళం బజారుకు పోయే మొదటి ఆటో కోసం ఇసుకలో పడి పరుగెత్తేవాళ్ళం. రెండో ఆటోలో వెళ్ళినదానికి బజారులో ఎండ మూల మిగిలేది. కనుక పరుగు మాకు ఆట కాదు, పొద్దున్నే చేసే పనుల్లో అదొక పని. అలాంటి పరుగును ఎవరో చూసి ముచ్చటపడతారనీ, వీపు మీద అంకె వేసిన చొక్కా తొడిగి మైదానంలో పరుగెత్తమంటారనీ ఎవరు కలగన్నారు? ఇప్పుడు మన జిల్లా టచ్ ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు ఈ ఏటి సమీక్ష పుస్తకంలో పాతవాళ్ళ ముచ్చట ఒకటి ఉండాలని నా దగ్గరకు వచ్చారు. నాకు సంతకం దాకానే చదువు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. తప్పులుంటే దానివి, అబద్ధాలుంటే నావి.

మమ్మల్ని ఆటలోకి దించినవాడు ఈల మేష్టారు. ఆయన మెడలో ఈల ఎప్పుడూ ఉండేది, టీ కావాలన్నా ఊదేవాడు. ఎక్కడో శిక్షణకు వెళ్ళి ఈ ఆట నేర్చుకొచ్చి, జిల్లాకు సంఘం పెట్టేశాడు. అధ్యక్షుడూ ఆయనే, కార్యదర్శీ ఆయనే, బంతికి గాలి కొట్టేవాడూ ఆయనే. బళ్ళో ఆడపిల్లల్ని పంపమంటే తల్లిదండ్రులు పరీక్షలన్నారు. ఒకరోజు ఆటో వెనక పరుగెత్తుతున్న మమ్మల్ని చూసి, ఆటోను ఆపకుండా (ఆపి ఉంటే పుణ్యముండేది) ఈల ఊది, "అమ్మా, మీరు సాయంత్రం ఖాళీయేనా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే బంతి తెచ్చాడు. చిన్న పనసకాయలా ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరుగెత్తి నేలకు ఆనించాలట. మధ్యలో ఎదుటి జట్టువాళ్ళు చేత్తో తాకితే చాలు, ఉన్నచోటే ఆగి బంతి కింద పెట్టాలట. పడెయ్యకూడదు, లాగకూడదు, తోయకూడదు. ఇంకో విచిత్రం, మనం ముందుకు పరుగెత్తాలి, బంతి మాత్రం వెనకనున్నవాళ్ళకే ఇవ్వాలి. "ముందుకెల్లీదానికి ఎనక్కెందుకు ఇవ్వాల, మేష్టారూ?" అని అడిగాను. "అదే ఆటమ్మా" అన్నాడు. నాకది జవాబులా అనిపించలేదు. ఇంటికెళ్ళి పొయ్యి ముందు కూర్చుని కూడా అదే ఆలోచించాను. కూర మాడింది.

మా అత్తకు ఆట సంగతి చెబితే నోరు తెరిచింది. "తాకితే ఆగిపోవాలా? ఇదేటి ఆటే? నాను తాకినా నువ్వు ఆగవు గదే, ఎల్లిపోతావు!" అంది. అయినా సాయంత్రాలు అందరూ ఆడవాళ్ళే గనక ఒప్పుకుంది. నిజానికి ఒప్పుకోవలసినది అత్త కాదు, మా బావగారు, అంటే మా ఆయన అన్న. మా ఆయన పడవ పనికి గుజరాత్ పోయి ఏడాదిలో సగం అక్కడే ఉండేవాడు. ఇంటికి పెద్ద బావగారే. మాలో తమ్ముడి పెళ్ళాం బావగారికి కూతురు లాంటిది, కానీ కూతురిలా దగ్గరకు పోకూడదు. ఎదురుపడితే పక్కకు తప్పుకోవాలి, గ్లాసు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టాలి, నేరుగా మాట్లాడకూడదు. ఆయన చెప్పాల్సింది అత్తకు చెబుతారు, అత్త నాకు చెబుతుంది, ముగ్గురం ఒకే గదిలో ఉన్నా సరే. ఇక తాకడమంటే, పెళ్ళయిన నాటి నుంచి ఆయన చెప్పులు కూడా నేను చేత్తో జరిపి ఎరగను. నవ్వగా చూసిన గుర్తు కూడా లేదు. ఆ మనిషి, "అమ్మా, సిన్న కోడల్ని ఆడుకోమను. ఎండలో వొద్దను" అన్నారు. అంతే.

ఏడాది చివర్లో అరసవల్లి పక్క మైదానంలో సంఘం వార్షిక సభ పెట్టారు. ఆ ఏడు సంఘం ఏమేం చేసిందో మేష్టారు చదువుతాడు, తర్వాత ఆడా మగా కలిసి ఆడే ఆట ఒకటి ఉంటుంది, అది చూడటానికి రాష్ట్ర సంఘం నుంచి ఒక పెద్దాయన వస్తాడు అన్నారు. జట్టుకు ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. బాగా ఆడినవాళ్ళను ఏరి, రైల్లో దూరం తీసుకుపోయి రాష్ట్ర పోటీల్లో ఆడిస్తారట. రైలు అనగానే నాకు కాళ్ళు నిలవలేదు. మా ఆయన ఏటేటా ఎక్కే రైలు లోపల ఏముంటుందో నాకు తెలీదు. ఫోన్లో అడిగితే, "ఏటుంటాది, కిటికీ ఉంటాది" అనేవాడు. కిటికీ ఉంటే అందులోంచి ఏదో ఒకటి కనబడాలి కదా! అది చెప్పడు. నేనే ఎక్కి చూడాలని పంతం పట్టాను. అయితే ఆ పెద్దాయన ఏరినా, ఊరు దాటి పంపాల్సినవాడు మళ్ళీ బావగారే. నాకు తోడు రమ్మంటే, "నన్నూ రమ్మంటావేటి" అని అత్త బావగారినే నాతో పంపింది. చలవ చేసిన తెల్ల పంచె కట్టుకుని ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నారు, నేను వెనక, మా జట్టులోనే ఆడే రొయ్యల వదిన పక్కన. (వదిన రొయ్యలు వలిచే వేగం చూసి పేటంతా పెట్టిన పేరది.)

సభలో మేష్టారు మైకు పట్టుకుని ఏడాదంతా చదివాడు. ఆయన లెక్కలో మేం ఎన్నడూ వెళ్ళని ఊళ్ళకు వెళ్ళాం, గెలవని ఆటలు గెలిచాం. "మన మహిళా క్రీడాకారిణులు ఏ సంకోచమూ ఎరుగని వీర వనితలు" అని కూడా చదివాడు. రొయ్యల వదిన నా డొక్కలో పొడిచి, "ఎవుల్నే, మనల్నేనేటి?" అంది. అంతలో ఎదుటి జట్టు దిగింది. శ్రీముఖలింగం వైపు రైతులు. కోతలు పడ్డాయని ఒక మగమనిషి రాలేదు. ఐదుగురితో ఆడితే పెద్దాయన ఏమనుకుంటాడో అని మేష్టారు చెమటలు తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. చూపు తిరిగి తిరిగి వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ మా బావగారి మీద ఆగింది.

"మీరు వాళ్ళ జట్టులోకి రావాలి. జిల్లా పరువు" అన్నాడు మేష్టారు.

"నాకేటి తెలుసు, మేష్టారూ? పడవ తోయమంటే తోస్తాను."

"ఏం లేదు. బంతి పట్టుకుని ఆ గీత దాకా పరుగెత్తడమే. తాకితే ఆగడం."

"ఎవులు తాకితే?"

"ఎవరైనా!"

బావగారు మా జట్టు వైపు చూశారు. నేను గబుక్కున నేల వైపు చూశాను. మేష్టారు అప్పటికే ఆయన తల మీదుగా చొక్కా దూర్చేశాడు. పంచె ఎగగట్టి, పైన ముఖలింగం వాళ్ళ ఆకుపచ్చ చొక్కాతో ఆయన గీత దాటి లోపలికి వచ్చారు. తాకకపోతే ఆట రాదని పెద్దాయన నన్ను ఏరడు. తాకితే బావగారు నన్ను గుమ్మం దాటనివ్వరు. రెండు దారుల్లోనూ రైలు లేదు.

ఈల మోగింది. ముఖలింగం వాళ్ళు తెలివైనవాళ్ళు, మొదటి బంతే ఆయన చేతికిచ్చారు. పడవ లాగిన కాళ్ళు కదా, ఆయన పరుగు చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆ మనిషికి అంత పరుగు వచ్చునని ఇంట్లో ఎవరికీ తెలీదు. నా పక్కనుంచే పోయారు. నేను తప్పుకున్నాను, అలవాటు! ఇంకా నయం, తల మీద కొంగు సర్దుకోబోయాను కూడా, చొక్కాకు కొంగేది? ఆయన గీత దాటి బంతి పెట్టేశారు. "ఏటే, దారిచ్చేసినావు? ఆడేటి, నీకు దేవుడా?" అని రొయ్యల వదిన అరిచింది. "బావే!" అన్నాను. "బావయితే ఏటే? తాకు!" అని, వెంటనే వరస లెక్క చూసుకుని, "నాకయితే మరిది వరస, నాను తాకుతాను, ఆగు" అంది. తర్వాత రెండుసార్లు తాకింది కూడా. మూడోసారి ఊపిరి చాలక కూలబడింది.

అప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ వింతే. బంతి మళ్ళీ ఆయన చేతికొచ్చింది, నేను ఏదో ఒకటి చేద్దామని ఆయన వైపు రెండడుగులు వేశాను. ఆయన ఠక్కున పక్కకు తిరిగారు. ఇంకో రెండడుగులు వేశాను. ఇంకా పక్కకు పోయారు. అప్పటికి అర్థమైంది, నాకు ఆయనంటే ఎంత భయమో, నేను తాకేస్తానేమోనని ఆయనకూ అంతే భయం. నేను కుడి నుంచి వస్తే ఆయన ఎడమకు, ఎడమ నుంచి వస్తే కుడికి. చివరికి పక్క గీత దాటి, కుర్చీల వరస దాటి, కొబ్బరిబొండాల బండి దాకా వెళ్ళిపోయారు. "అవుట్!" అన్నాడు రిఫరీ. బండివాడు బొండం కొట్టి ఆయన చేతిలో పెట్టాడు. జనం నవ్వులు. నాకు హుషారొచ్చింది. మళ్ళీ బంతి అందితే మళ్ళీ తరిమాను, మళ్ళీ బండి దగ్గరికే. ముఖలింగం వాళ్ళు తల పట్టుకున్నారు, "ఓ మావా, లోనికి పరిగెట్టు! బయటకెందుకు ఎల్తన్నావు?" అని.

ఆఖరి నిమిషాల్లో మేం ఒక్క పాయింటు ముందున్నాం. వాళ్ళు బంతి తిప్పి తిప్పి మైదానం నడిమధ్యలో ఆయనకే ఇచ్చారు. అటూ ఇటూ పోవడానికి దారి లేదు, అన్ని పక్కలా మనుషులే. ఎదురుగా నేను, నా వెనక గీత. ఆయన ఆగారు. నేనూ ఆగాను. మధ్య రెండు బారలు ఖాళీ. "తాకు! తాకు!" అని మైదానమంతా ఒకటే అరుపు. నేను చెయ్యి ఎత్తాను. ఎత్తాను గానీ అది ముందుకు పోదే! అప్పుడు బావగారు మెల్లగా వంగి, బంతిని నేల మీద పెట్టి, వెనక్కి జరిగారు.

రిఫరీ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? తాకిందా?"

"లేదయ్యా."

"మరి బంతి కింద పెట్టారేం?"

"మా తమ్ముడి పెల్లాం బాబూ" అన్నారు బావగారు. "ఆ పిల్ల తాకక్కర్లేదు."

రిఫరీ పుస్తకంలో అలాంటి నియమం లేదు. వెళ్ళి పెద్దాయనను అడిగాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కళ్ళు కూడా తుడుచుకుని (నవ్వి నవ్వి), "తాకినట్టే రాసుకోండి" అన్నాడు. గెలిచాం. ఏరినవాళ్ళలో మొదట నన్నే పిలిచారు, మనిషిని తాకకుండా ఆపే ఆటగత్తెను తానెక్కడా చూడలేదని పెద్దాయన మైకులో అన్నాడు. ఇంటికెళ్ళాక బావగారు అత్తతో, "అమ్మా, దాన్ని పంపు" అన్నారు. ఆ వెంటనే, "కొబ్బరి నీల్లు తాగి తాగి నా కడుపు ఉబ్బిపోనాది" అన్నారు. అత్త నాకు మొదటిదే చెప్పింది, రెండోది చెప్పలేక నవ్వుతూ కూర్చుంది.

రైలు ఎక్కాను. కిటికీ ఉంది. అందులోంచి కనిపించినవి చెప్పడం మొదలుపెడితే ఈ పుస్తకం చాలదు. పోటీలు మాత్రం రెండు ముక్కల్లో అయిపోయాయి. అక్కడ ఎదుటి జట్లలో ఎవరూ నాకు ఏమీ కారు. నేను ఎదురొస్తే ఎవరూ పక్కకు తిరగలేదు, సూటిగా నా పక్కనుంచే ఈదురుగాలిలా పోయారు. మొదటి ఆటలోనే ఓడి, పులిహోర తిని వచ్చాం. ఇంటికి రాగానే బావగారు గుమ్మం అవతలి నుంచి అడిగారు, "అమ్మా, అక్కడయినా తాకాలని దానికెవులూ సెప్పనేదా?"

మా ఆయన పోయి కొన్నేళ్ళయింది, అత్తా లేదు. మధ్యలో మాట అందించే మనిషి లేక, బావగారు ఇప్పుడు నాతో చెప్పాల్సినవి స్తంభానికి చెబుతున్నారు. మొన్న ఈ ఏటి వార్షిక సభకు ఆయన మనవరాలి ఆట చూద్దామని ఇద్దరం వెళ్ళాం. ఆ గుంట ఎదురొచ్చిన ప్రతి మగపిల్లాడినీ చాచి తాకుతోంది, వాళ్ళు ఠపీమని ఆగిపోతున్నారు. వరస అడిగిన నాథుడు లేడు. బావగారు చాలాసేపు చూసి, పక్కనున్న షామియానా స్తంభంతో అన్నారు, "ఆ రోజు ఆ పిల్ల తాకీసినా నానేటీ అనీవోడ్ని కాదు. రైలుకీ పంపీవోడ్ని." నేనూ అదే స్తంభంతో, "ఆ ముక్క అప్పుడే సెప్పుంటే బాగుండీది" అన్నాను. నిజంగా పంపేవారా? రెండు బారల దూరంలో చెయ్యెత్తి కొయ్యబారిపోయిన ఆ పిల్లను అడిగితే చచ్చినా నమ్మదు. నాకూ సగమే నమ్మకం.