తన పొగ తనే పీల్చిన లారీ

మధ్యాహ్నం రెండుంపావుకి కొత్తపేటలో ఓ హైస్కూలు ఆవరణలో దిగేం. ఎనభైల్లో ఓ ఆగస్టు నెల. వాన వెలిసింది. ఉక్కపోత. గోదావరి గట్టు తెగి అప్పటికి నాలుగో రోజు. మా ఆర్మీ పార్టీలో ఇరవై ఎనిమిది మంది. రెండు పడవలు, ఒక జీపు, ఒక పాత డీజిల్ లారీ. ఆ లారీ నా పూచీ.

నేను వెహికల్ మెకానిక్‌ని. నాయక్ ర్యాంకు. మాది రామచంద్రపురం పక్కన చిన్న ఊరు. అంటే గౌతమికి అవతలి ఒడ్డు. ఇంటికి అంత దగ్గరగా డ్యూటీ పడటం సర్వీసులో అదొక్కసారే. సెలవు అడగొద్దని బండి ఎక్కకముందే చెప్పేసేరు. నా పెట్టెలో స్పానర్లు, రెండు వైరు బ్రష్షులు, ఒక గాస్కెట్ షీటు. రైఫిలు కూడా ఉంది. ఆ పదిహేడు రోజుల్లో దాన్ని తుడవడం తప్ప ఏం చెయ్యలేదు.

ఇప్పుడు ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు పక్కన చేరతారు. "మిలిట్రీలో చేసేరు కదండీ, ఎప్పుడైనా కాల్చేరా?" అంటారు. లేదండీ అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. నేను చేసిందల్లా మసి గోకడం. అదే చెబుతాను, వినండి.

నాలుగింటికి కెప్టెన్ సాబ్ ఆర్డర్లు ఇచ్చేరు. రెండు కిలోమీటర్ల రోడ్డు నీళ్లలో ఉంది. నడుం లోతు. దాని అవతల ఓ లంక ఊరు, ఆరొందల మంది. రోజుకి రెండు ట్రిప్పులు మంచినీళ్ల డ్రమ్ములు, బియ్యం, మందులు చేర్చాలి. పడవలు దిగువ లంకలకి. ఆ ఊరికి లారీ ఒక్కటే.

లారీ పొగగొట్టం కిందన ఉంటుంది. నీళ్లలో మునిగితే ఇంజను ఆగిపోతుంది. అందుకని సుబేదార్ సాబ్ ఊళ్లో వెల్డింగ్ షాపుకి పంపి, గొట్టాన్ని పైకి పొడిగించేరు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ దాన్ని కేబిన్‌కి కుడిపక్కన, ఇంజను గాలి పీల్చే గొట్టానికి ఆనించి కట్టించేరు. రెండింటి మూతులకీ మధ్య జానెడు కూడా లేదు.

మా మాటలన్నీ హిందీలోనే. మీకోసం తెలుగులో చెబుతున్నా.

"సాబ్, ఇది పీల్చేది, అది వదిలేది. ఇలా కడితే బండి తన పొగ తనే పీలుస్తుంది."

"వెనక కడితే ఎక్కిన జనం దగ్గుతారు. టార్పాలిన్ కాలుతుంది. కెప్టెన్ సాబ్ ఇక్కడే కట్టమన్నారు."

"ఎడంపక్క కట్టొచ్చు సాబ్."

"ఆర్డరు కుడిపక్కకి. నువ్వు ఇంజను సంగతి చూసుకో."

"నేను చెప్పేది ఇంజను సంగతే సాబ్."

ఆయన అప్పటికే వెళ్లిపోతున్నారు.

మర్నాడు ఉదయం ఆరున్నరకి మొదటి ట్రిప్పు. రోడ్డు కనపడదు. అటూ ఇటూ ఒకే ఎర్రనీళ్లు. ఎడంపక్క కాలవ, కుడిపక్క చేలు. డ్రైవరు హర్యానా మనిషి. స్టీరింగు పట్టుకుని దండం పెట్టుకుంటున్నాడు. అప్పుడు అవతలి ఊరి నుంచి ఓ మనిషి నీళ్లలో నడుచుకుంటూ వచ్చేడు. వెదురు గెడల మోపుకి తాడు కట్టి నీళ్లలో తేల్చుకుంటూ లాక్కొస్తున్నాడు. పేరు యేసుపాదం. నలభై దాటేయి. కూలి పని.

"ఎడంపక్కకి రాకండి బాబూ, బండి మొత్తం కాలవలో పోద్ది. నేను ముందు నడుస్తాను, నా వెనకే రండి."

"నీకెలా తెలుస్తుందయ్యా?" అన్నాను.

"ఈ రోడ్డుకి మట్టి మోసింది నేనేనండి. నీళ్లు కప్పినా నా కాలికి తెలుసండి."

రెండొందల అడుగులకో గెడ చొప్పున రెండు పక్కలా పాతేడు. మూడు గంటలు పట్టింది. ఆ గెడలు చూసుకునే మేం రోజూ వెళ్లేం, వచ్చేం.

ఐదో రోజుకి ఇంజను లాగడం మానేసింది. నల్లటి పొగ. మెట్టలోనే రెండో గేరు దాటడం లేదు. ఉదయం ఆరింటికి విప్పడం మొదలుపెట్టేను. గాలి లోపలికి పోయే మానిఫోల్డ్ ఊడదీసి చూస్తే నా బొటనవేలు పట్టేంత సందు మిగిలింది. మిగతాదంతా మసి. పొడి మసి కాదు. ఇంజను పాతది, రింగులు అరిగేయి, నూనె ఆవిరి ఎప్పుడూ అటు వస్తూనే ఉంటుంది. ఏళ్లుగా పేరుకున్న ఆ జిడ్డు మీద ఇప్పుడీ పొగ వచ్చి అంటుకుంది. మాడిన పాలగిన్నె అడుగు చూడండి, అలా ఉంది. వేలితో రుద్దితే తారు. కింద రాయి.

కార్బన్ కరిగించే మందు కావాలని వైర్‌లెస్‌లో అడిగించేను. అడిగిన మూడో రోజుకి జీపులో ఓ అట్టపెట్టె వచ్చింది. విప్పితే టైపు మిషన్లో పెట్టే కార్బన్ పేపర్లు. సుబేదార్ సాబ్ వాటిని జాగ్రత్తగా స్టోరులో పెట్టించేరు. సంతకం నా చేతే పెట్టించేరు.

మందు కోసం ఆగే వీల్లేదు గనక ఆవేళే మానిఫోల్డ్‌ని కిరసనాయిలు తొట్టిలో నానబెట్టేను. ఇంజను వైపు వాల్వుల దగ్గర గోకాలంటే ఇనుము పనికిరాదు, గీతలు పడతాయి. ఓ కొబ్బరిచిప్ప పగలగొట్టి, ముక్కల అంచులు అరగదీసి వాటితో గోకేను. ఇంజను చేత్తో తిప్పి, ఏ సిలిండరు వాల్వు మూసుకుంటే దాన్నే గోకాలి. పెళ్లలు లోపల పడితే పిస్టన్ పోతుంది. తెరిచి ఉన్నవాటికి గుడ్డలు కుక్కాలి. గుడ్డలు లెక్కపెట్టుకోవాలి. టైరు పంపుతో ఊదాలి. అతుకు మధ్య వేసే గాస్కెట్ కోసం షీటుని ఆ అంచు మీద పెట్టి, సుత్తితో కొట్టి ఆకారం కోసుకోవాలి. ఒంటిగంటకి పూర్తయింది. స్టార్టు చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది.

కెప్టెన్ సాబ్ వచ్చి చూసేరు. ఇంజను చప్పుడు వినలేదు. "బానెట్ మీద ఈ నల్ల వేలిముద్రలేమిటి?" అన్నారు. తుడిచేను. గొట్టం సంగతి ఇంకోసారి ఎత్తేను.

"ఇప్పుడు నడుస్తోందిగా?" అన్నారు.

నడుస్తోంది సాబ్ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

తొమ్మిదో రోజు పదకొండు ఇరవైకి ఆ ఊళ్లో వైర్‌లెస్ సెట్టు దగ్గరున్న జవాను పిలిచేడు.

"నలభై మందికి విరేచనాలు. సెలైన్ అయిపోయింది. డాక్టరు వెంటనే పంపమంటున్నాడు. ఓవర్."

పడవలు రెండూ దిగువకి వెళ్లేయి, సాయంత్రందాకా రావు. సెలైన్ సీసాలు ఆరు పెట్టెలు ఎక్కించేం. గాజు సీసాలు, మధ్యలో గడ్డి. పదకొండు నలభైఐదుకి సుబేదార్ సాబ్‌తో కలిపి ఆరుగురం బయల్దేరేం. గంట దారి. పొద్దుటి ట్రిప్పులోనే ఇంజను బరువెక్కినట్టు నాకు తెలుసు. సరిగ్గా సగం దారిలో, పన్నెండుంపావుకి, దగ్గి, నల్లగా కక్కి, ఆగిపోయింది.

"పెట్టెలు నెత్తిన పెట్టుకుని నడుద్దాం సాబ్" అన్నాడు డ్రైవరు.

"బండిని వదిలి ఎవరూ కదలకూడదు. నువ్వు బాగు చెయ్యి" అన్నారు సుబేదార్ సాబ్ నాతో.

నీళ్లు బంపరు మీద ఉన్నాయి. మానిఫోల్డ్ విప్పితే నీళ్లు లోపలికి పోతాయి. అదే చెప్పేను. వినలేదు. స్టార్టరు తిప్పమన్నారు. తిప్పేం. మళ్లీ తిప్పేం. బ్యాటరీ చచ్చిపోయేదాకా తిప్పేం. అప్పుడు వైర్‌లెస్‌లో అనుమతి అడిగేరు. అనుమతి ఒంటిగంట ఐదుకి వచ్చింది. యాభై నిమిషాలు. చేతిగడియారం వంక చూసుకుంటూనే ఉన్నాను.

ఆరు పెట్టెలూ ఆరుగురం నెత్తిన పెట్టుకుని గెడల మధ్య నడిచేం. ఛాతీదాకా నీళ్లు వచ్చినచోట కాలు జారితే సీసాలు పోతాయి. మెల్లిగా నడిచేం. రెండు ఇరవైకి చేరేం.

ఆ ఊళ్లో జనం అంతా చర్చిలోనూ స్కూల్లోనూ ఉన్నారు. చూసుకుంటున్నది స్కూలు టీచరమ్మగారు. యాభై ఏళ్ల మనిషి, తెల్ల చీర, చేతిలో ఎప్పుడూ ఓ నోటుబుక్కు. గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"వచ్చేరాండీ" అన్నారు.

"బండి ఆగిపోయిందండీ."

"ఆయ్. ఆగిందని మీ వైర్‌లెస్సాయన చెప్పేడండి. ఇదిగో కదులుతుంది, అదిగో కదులుతుంది అని కూడా చెప్పేడండి. రాదు అని ఒక్కమాట చెబితే మా మగాళ్లు ఎదురొచ్చి పట్టుకుపోయేవారు కదండీ. యేసుపాదం ఒంటిగంట ముప్పావుకి పోయేడండి."

ముందురోజు సాయంత్రం కూడా మా బండి ముందు నడిచేడు. రాత్రి మొదలయ్యేయట విరేచనాలు.

డాక్టరు సీసాలు అందుకుంటూ, "ముందొచ్చుంటే..." అంటూనే లోపలికి వెళ్లిపోయేడు.

మర్నాడు ఊరివాళ్లే పాతిక మంది మోకులు కట్టి లారీని మెట్టకి లాగేరు. నన్ను ఒక్కరూ ఒక్కమాట అనలేదు. అంటే బాగుండును. నేను మానిఫోల్డ్ విప్పకముందు హాక్సా రంపం తీసుకుని పొగగొట్టం కట్లు కోసేసేను. ఎడంపక్కకి తిప్పి, రెండు బోల్టులు వేసి, తీగతో బిగించేను. ఎవరినీ అడగలేదు. పది నిమిషాలు పట్టింది. పది నిమిషాల పని! మొదటిరోజే ఎవరూ చూడనప్పుడు చేసెయ్యొచ్చు. ఐదోరోజు బానెట్ తుడిచే బదులు చెయ్యొచ్చు. నాకు తెలుసు, కనపడుతోంది, చేతిలో స్పానరు ఉంది. ఆర్డరు లేదని ఊరుకున్నాను. ఇవాళ్టికీ సుబేదార్ సాబ్ మీద కోపం వస్తుంది. కెప్టెన్ సాబ్ మీద వస్తుంది. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

తర్వాత మళ్లీ కొబ్బరిచిప్పలు, గుడ్డలు, కిరసనాయిలు. ఏడు గంటలు.

కెప్టెన్ సాబ్ గొట్టం చూసేరు.

"ఇది ఎప్పుడు మార్చేరు?"

"ఇవాళే సాబ్."

"మొదటే ఇలా కట్టాల్సింది. ఎవరూ చెప్పలేదేం?"

నేను సుబేదార్ సాబ్ వంక చూసేను. ఆయన బూట్ల వంక చూసుకుంటున్నారు. సాయంత్రం ఆయనే నా దగ్గరికి వచ్చేరు. బీడీ ఇచ్చేరు. "రిపోర్టులో ఇంజను పాతదని రాయి. అబద్ధం కాదుగా" అన్నారు. అబద్ధం కాదు. రాసేను. సంతకం పెట్టేను.

ఆ తర్వాత ఆరు రోజులు లారీ ఒక్కసారి కూడా ఆగలేదు. రోజుకి మూడు ట్రిప్పులు వేసేం. పదిహేడో రోజు నీళ్లు తీసేయి. ఉదయం తొమ్మిదింటికి సామాను ఎక్కించి, రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కణ్ణుంచి రైల్లో సికింద్రాబాదు. మా యూనిట్లో అందరికీ ఓ మెచ్చుకోలు ఉత్తరం చదివి వినిపించేరు. లారీని మరుసటి ఏడు వేలానికి పెట్టేరని విన్నాను. నేను ఇంకో తొమ్మిదేళ్లు చేసి, హవల్దారుగా ఇంటికొచ్చేను. ఎన్నో ఇంజన్లు విప్పేను. ఏ ఒక్కటీ సరిగ్గా గుర్తు లేదు.

గుర్తున్నది ఒక్కటే. బయల్దేరే ముందురోజు ఆఖరి ట్రిప్పుకి ఆ ఊరు వెళ్లేను. దారిలో ఓ నట్టు బిగించి ఉన్నాను, చేతులు మోచేతులదాకా నలుపు. స్కూలు మెట్ల దగ్గర యేసుపాదం భార్య సువార్తమ్మ నన్ను చూసింది. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"చేతులు కడుక్కోండి బాబూ, అన్నం తిందురు గాని" అంది.

నేనెవరో ఆవిడకి తెలుసు. తాగే నీళ్లమ్మా, పారబొయ్యొద్దమ్మా అన్నాను. వినలేదు. ఒంగి పోస్తోంది. నేను రుద్దుతున్నాను. మసి వదలడం లేదు. ఆవిడ చెంబు వంచి పట్టుకుని, తల ఎత్తకుండా, నా చేతుల వంకే చూస్తూ, ఇంకా పోస్తూనే ఉంది.