సూది వెయ్యని రోజు

నా చిన్నప్పుడు మా తమ్ముడు చావు తప్పించుకున్న కథ మా ఇంట్లో పెళ్ళికీ పేరంటానికీ చెబుతూనే ఉంటారు. మా ఊరి డాక్టరు భయపడి చేతులెత్తేస్తే, మా నాన్నమ్మ పట్టుబట్టి కాకినాడ తీసుకెళ్ళి బతికించిందట. అబద్ధం. నేను అక్కడే ఉన్నాను. ఎనిమిదేళ్ళ దాన్నైనా కళ్ళున్నాయి కదా!

ఆయన్ని డాక్టరు గారనే పిలిచేవాళ్ళం. నిజానికి ఆయన రాజమండ్రిలో ఒక డాక్టరు దగ్గర ఏళ్ళ తరబడి కాంపౌండరుగా చేసి, మా ఊళ్ళో వైద్యం పెట్టుకున్న మనిషి. మా ఊళ్ళో జ్వరమంటే సూది పడాల్సిందే. లేకపోతే అది వైద్యమే కాదు.

తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం. ఆ ఉదయం ఆయన సూదిలోకి మందు ఎక్కించి, ఎందుకో ఆగి, వాడి తల కింద చెయ్యి పెట్టి లేపి చూశారు. మెడ వంగలేదు. సూదిని తిరిగి పెట్టెలో పెట్టేశారు.

"ఇదేంటో నాకు తెలీదండి. ఇప్పుడే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలండి."

"సూదేసి పంపడం కూడా తెలీదా? మరెందుకయ్యా నీకా పెట్టె?" అంది నాన్నమ్మ. ఆవిడ పట్టుబట్టింది నిజమే, సూది కోసం!

ఆయన పెట్టె మూసేశారు. తనే కారు మాట్లాడుకొచ్చి, దారి పొడుగునా తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. అమ్మ నన్నూ వెంట తీసుకెళ్ళింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగితే, ఏ రోజు ఏ మాత్ర ఇచ్చారో దాచకుండా చెప్పారు. "చదువు లేకుండా పిల్లల ప్రాణాలతో ఆటలేంటి?" అని అందరి ముందూ కేకలేశాడు, ఆయన కొడుకు వయసు వాడు. ఈయన చేతులు కట్టుకుని "ఆయ్" అన్నారు, అంతే.

బయట బల్ల మీద కూర్చున్నాక నేను ఊరుకోలేదు. "మీరు డాక్టరు కారా?" అనేశాను.

"కానమ్మా. ఇంటర్లో బైపీసీ తీసుకోవాలి, ఎంట్రన్సు రాయాలి, ఆపైన అయిదున్నరేళ్ళు చదవాలి. నేను పదితోనే ఆగిపోయాను."

అది మెదడువాపు జ్వరమట, వేళకి చేర్చబట్టి తమ్ముడు బతికాడు. ఊరు మాత్రం ఆయన గుమ్మం తొక్కడం మానేసింది. అడగ్గానే సూది వేసే ఇంకొకతను వచ్చాడు. ఏడాది తిరక్కుండా ఈయన సామాను సర్దుకుని తుని వైపు వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. జవాబు రానప్పుడు తెలీదనడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. మొన్న మా తమ్ముడి కూతురికి మెడికల్ సీటొచ్చింది. భోజనాల దగ్గర మళ్ళీ అదే కథ, మళ్ళీ నా పోట్లాట. తెలీదని పేషెంటుకి చెప్పడం మీకు ఏ ఏడాది నేర్పుతారే అని ఆ పిల్లని నిలదీశాను.

"నేర్పితే మాత్రం? అలా అన్న డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎవరొస్తారత్తా?" అంది.

మీరే చెప్పండి. మీరైతే వెళ్తారా?