కలిదిండిలో నేను సర్దిన తీగ

ఒక చేపల లారీని, ఒక ఆఫీసును, మా మామయ్య పరువును ఒకే ఉదయం ముంచబోయిన ఘనుణ్ణి నేను. అదీ కొల్లేట్లో కాదు, కలిదిండిలో పొడి నేల మీద. చదివి హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఏలూరులో మా వీధివాళ్లంతా ఇప్పటికే నవ్వేశారు, మీరే మిగిలారు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా ఖాదర్ మామయ్య కంప్యూటర్ల షాపులో ఏడాదిపాటు పాత మౌసులు తుడిచాక, మొదటిసారి ఒంటరిగా రిపేరుకు వెళ్లమన్నాడు. పనిముట్ల సంచి కూడా చేతికిచ్చాడు. తీగ చివర క్లిప్పు బిగించే క్రింపింగ్ టూలు, తీగ బాగుంటే పచ్చలైట్లు వెలిగించే టెస్టరు, దాక్కున్న తీగ దగ్గరికి రాగానే కుయ్ కుయ్‌మనే టోనరు, అన్నీ ఉన్నాయందులో. ఆ సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను. కండక్టరు లేచి నిలబడలేదేమిటా అని కాస్త నొచ్చుకున్నాను కూడా.

“కరీమూ, పని చెడగొట్టావంటే మళ్లీ మౌసులేరా. ఇంకో మాట. పనయ్యాక ఆ చోటు నువ్వు వెళ్లేటప్పటికన్నా శుభ్రంగా ఉండాలి,” అన్నాడు మామయ్య బయలుదేరేముందు.

ఆ రెండో మాటే నా కొంప ముంచింది.

వర్మ గారిది చేపల ఎగుమతి ఆఫీసు. ఆయన గదిలో కంప్యూటరు మిగతావాటితో మాట్లాడటం మానేసింది. టోనరు పట్టుకుని గోడ వెంబడి నడిస్తే బీరువా వెనక కుయ్‌మంది. చూస్తే తీగ కొసను ఎలుక కొరికేసింది! కొరికిన ముక్క కత్తిరించాను, కొత్త క్లిప్పు బిగించాను, టెస్టరు పెడితే ఎనిమిది లైట్లూ వెలిగాయి. మొత్తం పది నిమిషాలు.

“ఆయ్, గట్టివారేనండీ మీరు!” అన్నారు వర్మ గారు.

అక్కడితో టీ తాగి బస్సెక్కి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. కానీ మామయ్య మాట గుర్తొచ్చింది. ఆఫీసులోని కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె ఒకటి మూలన ఉంది. దాన్ని స్విచ్ అంటాం. ఒక తీగ మాత్రం దాంట్లోంచి బయలుదేరి, రెండో కొస నేల మీద అనాథలా పడి ఉంది. నాకు మనసొప్పలేదు. ఆ కొస తీసి, అదే పెట్టెలో ఖాళీగా ఉన్న కన్నంలో టక్కున గుచ్చేశాను. పెట్టె మీది లైట్లన్నీ ఒక్కసారిగా కోలాటం మొదలుపెట్టాయి.

“చూశారాండీ, ఎంత జోరుగా పనిచేస్తోందో!” అన్నాను గర్వంగా.

“అలాగేనండీ, కానీ ఇక్కడ తెరలన్నీ బిగుసుకుపోయాయేంటండీ?”

నిజమే. ఒక్క కంప్యూటరూ కదలడం లేదు. సరిగ్గా అప్పుడే చేపల లారీ డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు.

“ఏవండీ, లోడైపోయిందండి. బిల్లిచ్చేస్తే అస్సాం బయల్దేరిపోతానండి.”

బిల్లు లేకుండా లారీ కదలకూడదు. లెక్కలన్నీ ఉన్న కంప్యూటరు ఒక గదిలో, బిల్లు తీసేది ఇంకో గదిలో. మధ్యలో నేను!

స్విచ్ ఆపి మళ్లీ పెట్టాను. ఒక్క క్షణం బతికి మళ్లీ పోయింది. ఒక్కో తీగా ఊడదీసి టెస్టరు పెట్టాను, అన్నిటికీ ఎనిమిదేసి పచ్చలైట్లే. అయినా నమ్మకుండా క్లిప్పులన్నీ కోసి కొత్తవి బిగించడం మొదలుపెట్టాను. ఒక్క తీగ జోలికి మాత్రం వెళ్లలేదు. అది నేను స్వయంగా పెట్టింది కదా, దానికేం రోగం?

“ఐసు కరుగుతోందండి,” అన్నాడు డ్రైవరు.

“అయిపోయిందండీ, రెండే నిమిషాలు.”

“ఇందాకా రెండే అన్నారండి.”

మామయ్యకు ఫోన్ చేశాను. “ఏం ముట్టుకున్నావురా?” అన్నాడు.

“ఏమీ ముట్టుకోలేదు మామయ్యా, ఒట్టు!” అన్నాను. నా చుట్టూ అప్పటికి పద్నాలుగు తెగిన క్లిప్పులు పడి ఉన్నాయి.

బయట లారీ కింద నీళ్లు కాలవ కడుతున్నాయి. వర్మ గారు గుమ్మంలో నిలబడి ఆ నీళ్లనే చూస్తున్నారు. దాంతో నాకు మరీ భయమేసి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆఫీసు ఊడ్చే నాగమణి గారు టీ తెచ్చి, నన్ను చూసి చల్లగా నవ్వింది.

“మీరు చల్లగా ఉండాలి బాబూ. ఏడాదినుంచి ఆ వైరు నా చీపురుకి అడ్డం పడిపోతోందండి. ఎంతమందొచ్చినా ఒక్కరూ తీసి పైన పెట్టలేదండి. ఇయ్యాల మీరొచ్చి పెట్టారండి!”

వర్మ గారు మెల్లగా నా వైపు తిరిగారు.

“ఆ వైరాండీ? అది ఆడిటరు గారొచ్చినప్పుడు ఆయన ల్యాప్‌టాప్‌కి పెట్టేదండీ. దాన్నెక్కడ పెట్టారండీ మీరు?”

గబుక్కున ఆ కొస లాగేశాను. కోలాటం ఆగింది. తెరలు కదిలాయి. పెట్టె తనలోంచి పంపిన మాట మళ్లీ తనలోకే వస్తుంటే, మైకు స్పీకరు ముందు పెట్టినట్టు, తన అరుపు తానే విని అరుస్తూ ఉందన్నమాట ఇంతసేపూ. బిల్లు వచ్చింది. కొత్త ఐసు వేసుకుని లారీ వెళ్లింది. ప్రాణం లేచొచ్చి నాగమణి గారికి రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆవిడ అదేదో తీగ పైన పెట్టినందుకు మర్యాద అనుకుని తిరిగి దండం పెట్టింది.

నేను ఏలూరు చేరేలోపే వర్మ గారు మామయ్యకు ఫోన్ చేసేశారు. “మీ మేనల్లుడు ఒకే పూట రెండు రిపేర్లు చేశారండీ. ఒకటి ఎలుక చెడగొట్టింది, రెండోది ఆయనే చెడగొట్టుకున్నారండీ.”

కాబట్టి అందరి ముందూ ఇదే నా ప్రతిజ్ఞ. ఏ ఆఫీసుకు వెళ్లినా సంచి విప్పేముందు “ఇక్కడ ఊడ్చేదెవరండీ?” అని అడుగుతాను. నేల మీద పడి ఉన్న ఏ తీగనూ, అది ఎంత దీనంగా చూసినా, ప్రాణం పోయినా ఎత్తను. ఈ వ్రతం ఇంట్లో కూడా తప్పకుండా పాటిస్తున్నాను. మా ఆవిడ మాత్రం దీన్ని బద్ధకం అంటోంది.