నడవలోని కటౌట్ల బోర్డు

చింతామణిలో మా అత్తగారిల్లు ముందు అంగడి, వెనక సంసారం. రెంటికీ మధ్య ఇరుకైన నడవ. ఆ నడవ గోడకే కరెంటు బోర్డు ఉండేది. నల్లబడిన టేకు పలక, దానిమీద ఫ్యూజు తీగ బిగించే పింగాణీ కటౌట్లు, పక్కన పిడి ఉన్న ఇనుప మెయిన్ స్విచ్చి. ఆ వీధికి కరెంటు వచ్చిన కొత్తలో మా మామ తండ్రి పెట్టించినదట. వాన పడితే గోడ చెమ్మగిల్లేది, మెయిన్ పెట్టె తాకితే చెయ్యి జివ్వుమనేది.

నేను బాగేపల్లి పిల్లను. మా నాయనకు పిండిమర ఉండేది. ఫ్యూజు పోతే తీగ ఎలా చుట్టాలో, ఎంత సన్నది చుట్టాలో ఆయనే నాకు నేర్పాడు. అత్తగారింట్లో ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆ పని నాదయింది. చీకట్లో అందరూ కూర్చుంటే నేను స్టూలెక్కి కటౌట్ ఊడదీసి తీగ వేసేదాన్ని. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం మా అత్త నన్ను లోపలికి పంపి, వీధి చివర ఉండే లైన్‌మేన్ కోసం మనిషిని పంపేది. కోడలు స్టూలెక్కడం వాళ్లకు మర్యాదగా కనిపించదు.

రెండువేల సంవత్సరం దాటాక ఇంట్లోకి ఒక్కొక్కటే సామాను చేరింది. గ్రైండరు, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు. చివరికి మా మరిది అంగడిలో ఐస్‌క్రీములు, కూల్‌డ్రింకులు పెడతానని పెద్ద ఫ్రీజరు తెచ్చాడు. ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నమయితే ఫ్యూజు కొట్టేసేది. ఐస్‌క్రీములు కరిగిపోయి మరిది చిరాకు పడేవాడు. నేను సన్నతీగ వేసిన ప్రతిసారీ పలక వేడెక్కి ఉండేది. కటౌట్ల వెనక చెక్క బొగ్గులా మారుతూ ఉంది. బోర్డు మార్పించమని మామను అడిగాను.

"మా నాయన పెట్టించిండే బోర్డమ్మా అది," అన్నాడాయన. "ఇన్నేండ్లు ఎవుర్నీ ఏమీ సెయ్యలేదు. ఇప్పుడేం సేస్తాది?"

నా భర్తతో చెప్పాను. నాయన ఒకసారి కాదన్నాక తాను అడగలేనన్నాడు. ఆ మాట అక్కడికి ఆగిపోయింది.

కొన్నాళ్లకు ఫ్యూజులు పోవడం ఆగింది. నన్నెవరూ స్టూలెక్కమనలేదు. లైన్‌మేన్ వీధి ట్రాన్స్‌ఫార్మరు బాగు చేశాడేమో, ఓల్టేజీ కుదురుకుందేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పప్పు ఎనుపుతున్నాను. కాలిన రబ్బరు వాసన వచ్చింది. నడవలోకి వెళ్లేసరికి పలక అంటుకుని మండుతూ ఉంది, వైర్ల తొడుగు చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంది. చేతిలో ఉన్న పప్పుగుత్తితోనే మెయిన్ పిడిని కిందికి కొట్టాను. కారుతున్న రబ్బరు నా మణికట్టు మీద పడింది. ఎదురింటి వాళ్లు కొత్త గది కట్టుకుంటూ ఉండబట్టి ఇసుక దొరికింది. అందరం కలిసి బొచ్చెలతో తెచ్చి పోశాం. నడవ పైకప్పు నల్లబడింది, ఇల్లు మిగిలింది.

మరునాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కాలిన పలకలోంచి ఒక కటౌట్ తీసి చూపించాడు. దానిలో సన్నతీగ లేదు. నాలుగైదు రాగి పోగులు కలిపి తాడులా పురిపెట్టి బిగించి ఉన్నాయి. ఇట్లాంటిది వేస్తే ఫ్యూజు పోదు, ఇల్లే పోతుందన్నాడు. ఎవరు వేశారని అడిగాడు.

మామ నావైపు చూశాడు. "కటౌట్లు ఏసేది మా పెద్దకోడలే," అన్నాడు.

"అది నేను ఏసింది కాదు మామా," అన్నాను. "నేను అట్లా ఏయను."

అందరూ అక్కడే ఉన్నారు. అత్త, నా భర్త, మరిది, అతని భార్య నా తోడికోడలు. మరిది కాసేపు ఆ రాగితీగనే చూశాడు. తర్వాత చాలా మెత్తగా అన్నాడు: "వదిన పాపం తెలీక ఏసుంటాదిలే నాయనా. ఆ యమ్మను ఏమీ అనొద్దు."

నన్ను తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. క్షమించినవాడికి ఏం జవాబు చెప్పను? నా భర్త నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

కొత్త బోర్డు వచ్చింది. తెల్లటి ఇనుప పెట్టె, లోపల వరసగా ఎమ్.సి.బి. స్విచ్చులు. పెరట్లో గుంత తవ్వి ఎర్త్ వేశారు. వైర్లన్నీ మార్చారు. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చారు. నేను అడిగిందే జరిగింది, కాకపోతే నేను మళ్లీ ముట్టుకోకుండా పెట్టెకు తాళం కూడా పెట్టారు. తాళంచెవి మరిది మొలతాడుకు చేరింది. గ్రైండరులో పిండి సగం రుబ్బినప్పుడు కరెంటు ట్రిప్పయితే, నేను అంగడి గడప దగ్గర నిలబడి అతన్ని పిలవాలి. బేరం ముగిశాక తీరిగ్గా వచ్చి ఒక బొత్తాం పైకి ఎత్తి పోయేవాడు.

మాట ఇంట్లో ఆగలేదు. చిక్కబళ్లాపురంలో ఒక పెండ్లిలో, నేనెరుగని ముసలామె నా మణికట్టు పట్టుకుని కాలిన మచ్చ చూసి, "ఇంటికి నిప్పు పెట్టిండే కోడలు నువ్వేనామ్మా?" అని అడిగింది. ఆమె మాటలో ద్వేషమేమీ లేదు, తెలుసుకుందామని అడిగిందంతే.

మా నాయన చూసిపోదామని వస్తే మా అత్త ఆయనకూ ఆ కథ వినిపించింది. ఆయన ఎదురు చెప్పలేదు. బస్‌స్టాండులో బాగేపల్లి బస్సు కోసం నిలబడినప్పుడు, "ఆడపిల్లకు ఆ పని నేర్పకుండా ఉండాల్సింది," అన్నాడు. నేను వేయలేదని చెప్పాను. తల ఊపాడు గానీ నమ్మాడో లేదో తెలియదు. ఆ రెండో ఏడు ఆయన పోయాడు.

ఆ తర్వాత ఒక చలికాలం ఉదయం, నేనూ తోడికోడలూ నానబెట్టిన అనపగింజలను తొక్క ఊడేలా పితుకుతూ కూర్చున్నాం. మాటల మధ్యలో, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టుగా, ఆమె అంది: "ఆ పొద్దు రాగితీగ సుట్టింది మా ఆయనే అక్కా. నేను సూసినా."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాకూ సంసారముండాది కదక్కా," అంది. అని ఇంకో గుప్పెడు గింజలు తీసుకుంది.

లేచి నా భర్త దగ్గరకు పోయాను. ఆయన అంగడి గోదాములో బెల్లం దిమ్మెలు సర్దుతున్నాడు. విన్నది చెప్పాను. ఆయన తిరిగి చూడలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసు," అన్నాడు. "తమ్ముడు గదా. ఏం సెయ్యమంటావు?"

వంటింట్లోకి వచ్చి పితికిపప్పు పులుసు పొయ్యి మీద పెట్టాను. మధ్యాహ్నం మరిది భోజనానికి కూర్చుని, పులుసు బాగా కుదిరిందని మారు అడిగాడు. వడ్డించాను.